నింగినుండి అగ్నిపర్వతములపై కాపలా

నంద్యాల జిల్లాలో జుర్రేరు లోయయందు జ్వాలాపురమను గ్రామము కలదు. ఆ ప్రాంతమున నేలను త్రవ్వినచోట మట్టిపొరల నడుమ తెల్లని మెత్తని బూడిదపొర యొకటి కనబడును. అది అడవి కాలగా మిగిలిన బూడిద కాదు. సుమారు 74,000 సంవత్సరములకు పూర్వము సుమత్రా ద్వీపములోని టోబా అగ్నిపర్వతము ప్రేలినపుడు మింటికెగసిన ధూళి, బంగాళాఖాతమును దాటి, రెండువేల అయిదువందల కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి వచ్చి మన నేలపై రాలినది. అగ్నిపర్వతములు పరదేశములలోని వింతలు, వానితో మనకేమి పని యనుకొనుటకు వీలులేదని ఆ తెల్లనిపొర సాక్ష్యము పలుకుచున్నది.

అది మిక్కిలి ప్రాచీనమైన మాట. ఈ కాలపు సంగతి మఱియొకటి కలదు. 2025 నవంబరు 23వ తేదీన ఇథియోపియా దేశమున అఫార్ సీమలోని హేలి గుబ్బి అను అగ్నిపర్వతము ప్రేలెను. అది అంతకుమునుపు ప్రేలినట్లు మానవుల వ్రాతలలో ఎచటను లేదు. దాని బూడిద ఎఱ్ఱసముద్రమును, యెమెన్, ఒమాన్ దేశములను దాటి, అరేబియా సముద్రముమీదుగా మఱునాటికే మనదేశపు వాయవ్య భాగమును, ఆ రాత్రికి ఢిల్లీ నగరపు ఆకాశమును చేరెను. కొన్ని విమానముల ప్రయాణములు రద్దు కావలసివచ్చెను. ఆ బూడిద ఏ ఎత్తున, ఏ దిక్కునకు సాగుచున్నదో గంటగంటకు తెలిపినవి ప్రధానముగా ఉపగ్రహములు. మనుష్య సంచారము అరుదైన ఆ యెడారిలో జరిగిన దానిని వేలకొలది కిలోమీటర్ల పైనుండి అవి ఎట్లు కనిపెట్టగలిగినవో తెలిసికొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సముద్రగర్భములోని వానిని విడిచిపెట్టగా, ఎప్పుడైనను మేల్కొనుటకు అవకాశమున్న అగ్నిపర్వతములు భూమిపై సుమారు 1,350 కలవని అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ వారి లెక్క. వీనిలో సుమారు 500 చరిత్రకాలమున ప్రేలినవి. అగ్నిపర్వతములను నిలుకడగా పరిశీలించుటకు ఇటలీలో వెసూవియస్ కొండపై 1841లో ఒక పరిశోధనాలయము నెలకొల్పబడెను. 1912లో హవాయి ద్వీపమున మఱియొకటి వెలసెను. భూకంపములను నమోదు చేయు యంత్రములు, నేల వాలును కొలుచు సాధనములు, బిలమునుండి వచ్చు వాయువులను పరీక్షించు పరికరములు ఇట్టిచోట్ల ఎల్లప్పుడును పనిచేయుచుండును. కాని ప్రతి కొండకును ఇట్టి యేర్పాటు చేయుటకు ధనము చాలదు; మనుష్యులును చాలరు. దట్టమైన అడవులలోను, మంచుకొండలపైనను, నిర్జనమైన దీవులలోను ఉన్నవానిని చేరుటయే కష్టము. చేరి పరికరములు నిలిపినను, కొండ ప్రేలినపుడు మొదట నశించునవి అవియే. ఈ లోపమును తీర్చుటకే నింగినుండి చూపు అవసరమయ్యెను.

ఈ ప్రయత్నము ఉపగ్రహయుగపు తొలినాళ్లలోనే ఆరంభమైనది. ఐస్‌లాండు తీరమున సముద్రమునుండి పుట్టుకొని వచ్చిన సర్ట్సీ అను దీవియొక్క వేడిమిని 1966లో నింబస్ 2 అను వాతావరణ ఉపగ్రహము గుర్తించెను. అది మేఘములను చూచుటకై పంపబడినది. అగ్నిని చూచుట దాని పనికాదు. ఐనను రాత్రివేళ చీకటి సముద్రములో ఒక వేడి చుక్క దాని కన్నులకు దొరికినది. నాటినుండి నేటివరకు శాస్త్రజ్ఞులు నింగినుండి మూడు గుర్తులను వెదకుచున్నారు. మొదటిది వేడిమి, రెండవది నేల యొక్క ఉబ్బు, మూడవది కొండ విడుచు వాయువు, ధూళి.

మొదట వేడిమి మాట చూతము. కమ్మరి కొలిమిలో ఇనుమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. వేడెక్కుచున్న ఇనుము మొదట కంటికి వెలుగునీయదు. చేయి చేరువకు తెచ్చినచో సెగ మాత్రము తగులును. తరువాత ఎఱ్ఱనగును, మఱింత కాలినపుడు పసుపు వన్నెకు తిరుగును. అనగా వస్తువు వేడెక్కినకొలది అది వెదజల్లు కిరణముల పొడవు తగ్గుచుండును. మిల్లీమీటరులో వేయవ భాగమును మైక్రాను అందురు. మనము నడచు సామాన్యమైన నేల పది మైక్రానుల పొడవుగల పరారుణ కిరణములను అధికముగా విడుచును. 1,100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల లావా రెండు మైక్రానుల ప్రాంతపు కిరణములను అధికముగా విడుచును.

ఈ భేదమే ఉపగ్రహమునకు ఆధారము. 27 డిగ్రీల నేలకంటె ఆ లావా 11 మైక్రానుల కిరణములను సుమారు 50 రెట్లు మాత్రమే ఎక్కువగా వెదజల్లును. 4 మైక్రానుల కిరణములనో, పదివేల రెట్లకు పైగా వెదజల్లును. టెర్రా, ఆక్వా అను అమెరికా ఉపగ్రహములు 1999లోను, 2002లోను ఎగిరినవి. వాని పరికరము పరారుణ చిత్రములో నేలను కిలోమీటరు చదరపు గడులుగా చూచును. అట్టి గడిలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పుగల లావా మడుగు ఒకటి ఉన్నదనుకొందము. అది గడిలో పదివేలవ వంతు మాత్రమే. ఐనను 4 మైక్రానులవద్ద ఆ గడి రెట్టింపునకు మించి వెలుగును. 11 మైక్రానులవద్ద ఆ మార్పు ఎన్నదగినది కాదు. రెండు చిత్రములను సరిపోల్చినచో గడిలో ఏ మూలనో నిప్పున్నదని తేలిపోవును. సూర్యకాంతి ప్రతిఫలించి మోసము చేయవచ్చును గనుక రాత్రి చిత్రములు ఎక్కువ నమ్మదగినవి. అడవిలో రగిలిన కార్చిచ్చును ఇట్లే కనబడును. ఆ చుక్క బిలమువద్ద ఉన్నదా, అడవిలో ఉన్నదా యని చూచి నిర్ణయింతురు. హవాయి విశ్వవిద్యాలయము వారును, ఇటలీలోని ట్యూరిన్ విశ్వవిద్యాలయము వారును భూమిమీది అగ్నిపర్వతముల వేడిమిని ఈ రీతిగా గమనించు ఏర్పాటులు చేసియున్నారు.

మనదేశమున మేల్కొనియున్న అగ్నిపర్వతము ఒక్కటియే. అది అండమాను సముద్రములోని బారెన్ దీవి. పోర్టుబ్లెయిరు అని పిలువబడుచుండి 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన నగరమునకు ఈశాన్యముగా అది సుమారు 140 కిలోమీటర్ల దూరమున ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దిలో చల్లబడిన ఈ కొండ 1991లో మరల మేల్కొనెను. 1994, 1995 సంవత్సరములలోను, 2005లోను, 2017లోను అగ్ని కక్కెను. అచట నివసించువారు లేరు. అందుచేత ఆ దీవి రగులుచున్నదా, చల్లారినదా యని తెలిసికొనుటకు ఓడనో, విమానమునో పంపవలెను. లేనిచో ఉపగ్రహపు వేడి చిత్రములను చూడవలెను.

వేడిమి బయటపడునప్పటికి లావా బిలమును చేరియేయుండును. అంతకుముందే ఎఱుకపడు గుర్తు నేల యుబ్బుట. భూగర్భమునుండి కరగిన శిలాద్రవము పైకి వచ్చి కొండ క్రింద చేరునపుడు పైనేల కొన్ని సెంటీమీటర్లో, కొన్ని మీటర్లో లేచును. ఇట్టి స్వల్పమైన మార్పును వందలకొలది కిలోమీటర్ల ఎత్తునుండి కొలుచుట అసాధ్యమని తోచవచ్చును. దానిని సాధ్యము చేసినది రాడారు.

రాడారు తరంగములు మీ యింటి రేడియోను పలికించు తరంగముల జాతివే. భేదము పొడవులో ఉన్నది. మీడియం వేవు తరంగముల పొడవు కొన్ని వందల మీటర్లు. ఐరోపా వారి సెంటినెల్ 1 ఉపగ్రహపు రాడారు తరంగము పొడవు 5.6 సెంటీమీటర్లు. ఉపగ్రహము ఈ తరంగములను నేలపైకి పంపి, తగిలి తిరిగివచ్చినవానిని పట్టుకొనును. తిరిగివచ్చిన తరంగము తన ఆటుపోటులలో ఏ స్థితిలో ఉన్నదో కూడ వ్రాసియుంచును. కొన్ని దినములకు అదే మార్గమున వచ్చి, అదే కొండను మరల చూచును. ఈ నడుమ నేల 2.8 సెంటీమీటర్లు పైకి లేచినచో, పోవు దారిలో అంతయు, వచ్చు దారిలో అంతయు తగ్గి, మొత్తము 5.6 సెంటీమీటర్లు, అనగా ఒక పూర్తి తరంగము తేడా వచ్చును. రెండు చిత్రములను ఒకదానిపై నొకటి ఉంచి ఈ తేడాలను రంగులలో చూపినపుడు ఉబ్బిన కొండచుట్టును వలయములు ఏర్పడును. ఒక్కొక్క వలయము 2.8 సెంటీమీటర్ల మార్పునకు గుర్తు. వలయములను లెక్కించినచో నేల ఎంత కదలినదో తెలియును. సిసిలీ ద్వీపములోని ఎట్నా పర్వతము లావాను కక్కుచు క్రుంగిన తీరును ఈ పద్ధతిచేత కనుగొని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిరి.

రాడారునకు రాత్రియు పగలును సమానమే. మేఘములు దానికి అడ్డుకావు. కాని ఉష్ణమండలపు కొండలపై అడవులు దట్టముగా ఉండును. పొట్టి తరంగములు ఆకులకు తగిలి వెనుకకు మరలును. గాలికి ఆకులు కదలును గనుక లెక్క చెడును. పొడవైన తరంగములు ఆకులనడుమనుండి చొచ్చి నేలను తాకగలవు. 2025 జూలై 30వ తేదీన మన శ్రీహరికోటనుండి ఎగిరిన నైసార్ ఉపగ్రహమునకు ఈ విషయమున ప్రాముఖ్యమున్నది. భారత, అమెరికా అంతరిక్ష సంస్థలు కలిసి నిర్మించిన ఈ ఉపగ్రహములో రెండు రాడారులు కలవు. అమెరికావారు సమకూర్చిన దాని తరంగము పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. మనవారు సమకూర్చిన దాని తరంగము పొట్టిది. 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, 12 దినములకొకసారి అదే మార్గమును చేరునట్లు దీనిని రూపొందించిరి.

మూడవ గుర్తు వాయువు. గోలీసోడా కొట్టిన వెంటనే బుస్సుమని పొంగుట అందరును ఎఱిగినదే. సీసాలో ఒత్తిడిచేత నీటిలో అణగియున్న వాయువు, ఒత్తిడి తగ్గగానే వెలికి వచ్చును. శిలాద్రవముయొక్క గుణమును ఇట్టిదే. లోతునుండి పైకి వచ్చినకొలది ఒత్తిడి తగ్గి, అందులోని నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు, సల్ఫర్ డయాక్సైడు అను గంధకపు వాయువు విడివడును. నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును గాలిలో ముందే ఉన్నవి గనుక కొండ విడిచినదెంతయో వేఱుపఱచుట కష్టము. గంధకపు వాయువు సహజముగా గాలిలో బహుస్వల్పము. అది సూర్యునియందలి అతినీలలోహిత కిరణములను కొన్నిటిని మ్రింగివేయును. ఓజోనును కొలుచుటకై 1978లో పంపబడిన పరికరమొకటి, 1982లో మెక్సికో దేశపు ఎల్ చిచోన్ ప్రేలినపుడు ఈ వాయువును కూడ చూపెను. 1991 జూన్ 15న ఫిలిప్పీన్సులోని పినటూబో ప్రేలినపుడు సుమారు ఒకటిన్నర కోటినుండి రెండు కోట్ల టన్నుల గంధకపు వాయువు ఎగసినదనియు, ఆ మేఘము సుమారు మూడు వారములలో భూమిని చుట్టివచ్చినదనియు ఉపగ్రహముల వలననే తెలిసినది. దానినుండి పుట్టిన సన్నని తుంపరలు సూర్యకాంతిని కొంత వెనుకకు మరల్చుటచేత 1992లో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గెను.

ధూళిని గుర్తించుట విమానయానమునకు ప్రాణావసరము. 1982 జూన్ 24వ తేదీ రాత్రి జావా ద్వీపమునకు సమీపమున గాలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదలో చొచ్చిన బ్రిటిషు విమానమొకటి నాలుగు ఇంజనులును ఆగిపోయి దిగజారెను. బూడిద యనునది చూర్ణమైన రాయి. ఇంజను వేడికి కరగి గాజువలె అంటుకొనును. అదృష్టవశమున బూడిదను వెడలినపిమ్మట ఇంజనులు మరల పనిచేసి విమానము జకార్తాలో క్షేమముగా దిగెను. విమానములోని వానమబ్బులను చూచు రాడారునకు పొడిబూడిద కనబడలేదు. ఉపగ్రహము దానిని ఇట్లు కనిపెట్టును. 11, 12 మైక్రానుల కిరణములు రెండింటిలో నీటిమేఘము రెండవదానిని ఎక్కువగా అడ్డగించును. రాతిధూళి మొదటిదానిని ఎక్కువగా అడ్డగించును. రెండు చిత్రముల తేడా ఏ దిక్కునకు మొగ్గుచున్నదో చూచినచో మబ్బేదో, బూడిదయేదో తెలియును. నేడు ప్రపంచమున తొమ్మిది కేంద్రములు ఇట్టి బూడిదను కనిపెట్టి విమానములకు హెచ్చరికలు పంపుచున్నవి.

ఈ విద్య మనుష్యుల ప్రాణములను కాపాడిన సందర్భమొకటి చెప్పవలెను. జావా ద్వీపమున యోగ్యకర్త నగరమునకు ఉత్తరముగా మెరపి పర్వతమున్నది. దాని వాలులమీద వేలకొలది కుటుంబములు పొలములు సాగుచేసికొని, పశువులను పెంచుకొని జీవించుచున్నవి. 2010 అక్టోబరు 26వ తేదీన అది ప్రేలెను. తరువాతి దినములలో శిఖరమును మబ్బులు కమ్మినవి. లోపల ఏమి జరుగుచున్నదో మామూలు కంటికి తెలియదు. అప్పుడు కెనడా, జర్మనీ దేశముల ఉపగ్రహములు మబ్బులను చొచ్చి చిత్రములు తీసినవి. శిఖరముపై చిక్కని లావా గుమ్మటమువలె పెరుగుచుండెను. దాని వేగము సెకనుకు సుమారు 25 ఘనపు మీటర్లు. అనగా రెండు మూడు పెద్ద లారీల ఇసుక ఎంతయో సెకనుకంత. మెరపి యెఱిగినవారు అట్టి వేగమును అంతకుముందు చూడలేదు. కొండ దడ, వాయువుల కొలతలు కూడ అదే ప్రమాదమును సూచించినవి. అధికారులు జనము ఖాళీచేయవలసిన ప్రదేశమును నవంబరు 3న 10 కిలోమీటర్లనుండి 15కును, నవంబరు 5న 20కిని పెంచిరి. ఆ 5వ తేదీననే మహావిస్ఫోటము జరిగి, కాలిన ధూళిమేఘములు ఒక లోయవెంట 15 కిలోమీటర్లకు పైగా ఉఱికినవి. మూడు లక్షలకు పైగా జనము ఇండ్లు విడిచిరి. 350 మందికి పైగా మరణించుట విచారకరము. కాని ఆ హెచ్చరికలు లేకున్నచో మఱి పదివేలనుండి ఇరువదివేల మంది వఱకు నశించియుందురని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి.

ఇంతమాత్రముచేత ఉపగ్రహమునకు సర్వము తెలియునని భావింపరాదు. ఉబ్బిన కొండలన్నియు ప్రేలవు. 198 అగ్నిపర్వతములను 18 సంవత్సరములపాటు రాడారుచేత పరిశీలించిన లెక్క యొకటి 2014లో వెలువడినది. వానిలో 54 కొండలవద్ద నేల కదలెను. ఆ 54లో ప్రేలినవి 25 మాత్రమే. కదలని 144లోను 9 ప్రేలినవి. కావున ఉబ్బు కనబడినచోట జాగ్రత్త హెచ్చవలెనే కాని, ప్రేలుట తథ్యమని చాటింపరాదు. ఉత్తపుణ్యమునకు ఊళ్లు ఖాళీచేయించినచో పంట పాడగును, పశువులు నష్టమగును, మఱుసటిమాఱు హెచ్చరించినను జనము నమ్మరు. ఉపగ్రహము అటుపోయి ఇటువచ్చులోపలనే అనర్థము జరిగిపోవుటయు కలదు. 2019 డిసెంబరు 9న న్యూజీలాండులోని వైటు దీవియందు భూమిలోని నీరు ఆవిరియై హఠాత్తుగా ప్రేలగా అచటికి వెళ్లియున్నవారిలో 22 మంది మరణించిరి. 2018 డిసెంబరు 22 రాత్రి అనక్ క్రకటోవా కొండ ప్రక్కభాగము సముద్రములోనికి జాఱి, లేచిన అలలకు నాలుగువందల మందికి పైగా బలియైరి. రాడారు చిత్రము ఆ విరుగుడును చూపినది కాని, అది జరిగిన పిమ్మట. అందుచేత నేలపైని భూకంపమాపకములును, నింగినుండి చూచు కన్నులును ఒకదానికొకటి తోడుగా ఉండవలెను.

తుదకు చెప్పవలసిన మాట యొకటి కలదు. 1985 నవంబరు 13వ తేదీ రాత్రి కొలంబియాలోని నెవాడో డెల్ రూయిజ్ ప్రేలి, శిఖరముపైని మంచు కరగి, బురదవఱద లోయలవెంట పాఱెను. అర్మేరో పట్టణమును చేరుటకు దానికి రెండు గంటలకు పైగా పట్టినది. ఏయే ప్రదేశములు మునుగునో చూపు పటమును శాస్త్రజ్ఞులు అంతకు కొన్ని వారములకు ముందే తయారుచేసియుండిరి. ఆ సాయంకాలము పట్టణములో బూడిద రాలినను, కలతపడవలదని ప్రజలకు చెప్పబడెను. సుమారు 23,000 మంది ప్రాణములు కోల్పోయిరి. అచట లోపించినది జ్ఞానము కాదు. జ్ఞానము ఇంటింటికి చేరవలసిన వేళకు చేరకపోవుట. నేడు ఉపగ్రహముల చిత్రములను ఆపదలోనున్న దేశములకు ఉచితముగా అందించు అంతర్జాతీయపు ఒడంబడిక యొకటి అమలులో ఉన్నది. మన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2001లో అందులో చేరినది. చిత్రము వచ్చును, లెక్క తేలును, హెచ్చరిక వ్రాయబడును. ఆ తరువాత దానిని వాలుమీది రైతునకు అతని భాషలో, అతనికి తెలిసిన ఊళ్ల పేర్లతో, అతడు పశువులను విప్పుకొని పోవుటకు తగిన వ్యవధి ఉండగనే వినిపించువారు కావలెను. వినువారికి ఆ మాటయందు నమ్మకమును ఉండవలెను. ఆ నమ్మకమును సంపాదించుట మాత్రము నేలపైనున్న మనుష్యులే చేయవలసిన పని.